పాత కారులో పెట్రోలు వాసన: లీకు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

పాత కారన్నాక ఆ మాత్రం పెట్రోలు వాసన మామూలే అని చాలామంది సరిపెట్టుకుంటారు. అది మామూలు కాదు. కారు ఎంత పాతదైనా సీట్లో కూర్చున్న మనిషికి పెట్రోలు వాసన తగులుతోందంటే, ట్యాంకులోనో పైపులోనో ఇంజిన్లోనో ఉండాల్సిన పెట్రోలు బయటపడుతోందన్నమాట. అది చుక్కగా రావచ్చు, ఆవిరిగా రావచ్చు. రెండింటికీ నిప్పు అంటుకుంటుంది. సెంటు డబ్బా వేలాడదీసి వాసన కప్పిపెట్టడమంటే ఉన్న ఒక్క హెచ్చరిక నోరూ నొక్కేయడమే.

ఈ పనిలో డబ్బూ సమయమూ వృథా అయ్యేది ఎక్కువగా ఒకే చోట. వాసన వెనక సీటు దగ్గర వస్తోంది కాబట్టి ట్యాంకు మార్చేయడం, బానెట్ కింద వస్తోంది కాబట్టి కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) విప్పేయడం. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది కిందికి దిగి, నేలబారుగా పాకి, ఎక్కడ సందు దొరికితే అక్కడ లోపలికి దూరుతుంది. ముందు చక్రం దగ్గర పైపు కారుతుంటే వాసన వెనక సీటుకు చేరడం వింతేమీ కాదు. అందుకే వాసన ఎక్కడ వస్తోందో కంటే ఎప్పుడు వస్తోందో ముందు తేల్చుకోవాలి. ఆ తర్వాతే కారులో ఏ భాగం, ఏ జాయింటు, ఏ వస్తువు అన్న ప్రశ్నలు.

పనికి దిగే ముందు

నేలమీద తడి కనిపించినా, చుక్క పడుతున్నా ఆ కారు స్టార్టు చేయకండి, నడపకండి. ఇంట్లో షెడ్డులో ఉంటే చేత్తో తోసి బయటపెట్టండి. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకు మండుతుంది. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా మండేంత ఆవిరిని ఇస్తుంది కాబట్టి చలిగా ఉంది కదా అన్న ధైర్యం పనికిరాదు.

వెతికే పని ఆరుబయట, గాలి ఆడేచోట చేయాలి. సర్వీసు గొయ్యిలో మాత్రం వద్దే వద్దు. బరువైన ఆవిరి అంతా ఆ గొయ్యిలోకే దిగి నిలుస్తుంది, దాంట్లోనే మీరూ నిలబడి ఉంటారు. వెలుతురుకు ఎల్‌ఈడీ టార్చి వాడండి. వైరుతో వేలాడే గాజు బల్బు కింద పడి పగిలితే ఆ వేడి తీగే నిప్పు. టార్చి స్విచ్చి కారుకు దూరంగా ఉండగానే వేసుకోండి. పొడి పౌడరు లేదా నురగ వచ్చే అగ్నిమాపక సిలిండరు చేతికందేంత దూరంలో ఉండాలి. నీళ్ల బకెట్టు దీనికి పనికిరాదు, మండుతున్న పెట్రోలు నీటిమీద తేలి ఇంకా పరుచుకుంటుంది. చేతులకు నైట్రైల్ గ్లోవ్సు, కళ్లకు అద్దాలు. కారు కిందికి దూరాల్సి వస్తే జాకీని నమ్మకుండా స్టాండ్లు పెట్టండి. ఏ జాయింటైనా విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ఆ వైరు తీసేటప్పుడే రవ్వ లేస్తుంది కనుక బానెట్ ఎత్తి పది నిమిషాలు గాలి ఆడనిచ్చాకే తీయాలి.

వాసన ఎప్పుడు వస్తోంది

చుక్క ఎక్కడా కనబడకపోతే రెండు మూడు రోజులు ఒక కాగితం మీద రాసుకోండి. ట్యాంకులో ఎంత ఉంది, ఇంజిన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, కారు లోపలికి గాలి విసిరే ఫ్యాను తిరుగుతోందా, అద్దాలు దించి ఉన్నాయా, మలుపు తిరుగుతున్నారా, ఎత్తు ఎక్కుతున్నారా. ఈ కాగితం సగం లీకును పట్టిస్తుంది.

ట్యాంకు నింపిన రోజున వాసన ఎక్కువై, సగానికి దిగాక తగ్గిపోతే లోపం ట్యాంకు పైభాగంలో ఉంది. నింపే గొట్టం, దాన్ని ట్యాంకుకు కలిపే రబ్బరు, ఆవిరి పైపులు, పెట్రోలు మట్టం కొలిచే గేజి యూనిట్ కింద గాస్కెట్ (సందు మూసే పలచటి పొర), మూత. అడుగున ఉన్న లోపమైతే పావు ట్యాంకులోనూ వాసన ఇస్తుంది.

రాత్రంతా నిలిపి, పొద్దున స్టార్టు చేసిన మొదటి రెండు మూడు నిమిషాలు వాసన వచ్చి తర్వాత మాయమైతే గట్టిపడిన రబ్బరు మీద అనుమానం పెట్టండి. ఇంజెక్టర్ల (ఇంజిన్లోకి పెట్రోలు చిమ్మే భాగాల) ఓ-రింగులు అనే రబ్బరు వలయాలు, పైపు చివర్లు. చలికి రబ్బరు ముడుచుకుంటుంది, వేడికి ఉబ్బి మళ్లీ సందు మూస్తుంది. మధ్యాహ్నం వేడి ఇంజిన్ మీద వెతికితే అంతా పొడిగానే కనిపిస్తుంది.

వేడి ఇంజిన్ ఆపిన ఐదు పది నిమిషాలకు వాసన మొదలైతే, కార్బురేటర్ బండిలో, కార్బురేటర్ లోపల పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలో అది ఉడుకుతుండవచ్చు. ఇంజెక్టర్లతో నడిచే ఇంజెక్షన్ బండిలోనైతే లైన్లో నిలిచిన ఒత్తిడికి ఎక్కడో ఓడుతుండవచ్చు. ఫ్యాను వేయగానే వాసన పెరిగి, ఆపగానే తగ్గితే అది బానెట్ కిందినుంచి వస్తోంది. ముందు అద్దం అడుగున, వైపర్ల దగ్గరి జాలీలోంచి గాలిని లాగేది ఆ ఫ్యానే. దాన్ని లోపలి గాలే తిరిగేలా పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

మలుపుల్లో మాత్రమే వస్తే ట్యాంకు పక్కభాగం లేదా ఆవిరి పైపు. అద్దాలు దించుకుని వేగంగా పోతున్నప్పుడే వస్తే డిక్కీ రబ్బరు. దాని సంగతి చివర్లో.

ముక్కును ఎంతవరకు నమ్మాలి

మనిషి ముక్కు పెట్రోలును చాలా తక్కువ మోతాదులోనే పసిగడుతుంది, కానీ కొన్ని నిమిషాల్లో అలవాటు పడి మొద్దుబారుతుంది. కారు చుట్టూ పావుగంట వాసన చూస్తూ తిరిగినవాడికి ఆ తర్వాత ఏదీ తెలియదు. గ్లోవ్సుకు ఒక్కసారి పెట్రోలు అంటిందంటే తాకిన ప్రతిదీ అనుమానంగానే కనిపిస్తుంది. ఇందుకు మంచి ఉపాయం గుడ్డపీలికలు.

ఉతికిన, పొడి నూలు గుడ్డను అరచేయంత ముక్కలుగా పది పన్నెండు చింపండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, అనుమానం ఉన్న ఒక్కో జాయింటుకు ఒక్కో ముక్క చుట్టి, పైన అల్యూమినియం రేకు కప్పండి. బ్యాటరీ దగ్గర, వైర్ల దగ్గర మాత్రం రేకు బదులు పాలిథీన్ కాగితం చుట్టండి. రాత్రంతా ఉంచి పొద్దున ఇంజిన్ తిప్పకముందే తీసి, ఒక్కోదాన్ని విడిగా జిప్ కవర్లో వేసి, కవరు మీద చోటు పేరు రాయండి. కారుకు దూరంగా వెళ్లి, తాజా గాలి పీల్చి, ఒక్కో కవరూ తెరిచి వాసన చూడండి. మధ్యలో విరామం ఇవ్వండి. ఒకటి రెండు కవర్లు స్పష్టంగా వేరుగా ఉంటాయి. పక్కన వేరే మనిషి ఉంటే కవర్ల మీద పేర్లు కనబడకుండా అతనిచేత చూపించడం ఇంకా మేలు. ముందే ఒక భాగం మీద అనుమానం పెంచుకున్నవాడి ముక్కు అటే మొగ్గుతుంది. చేతిలో పట్టుకునే గ్యాస్ డిటెక్టర్ దొరికితే వాడండి, కానీ అది ఆవిరి పోగైన చోట కూస్తుంది తప్ప పుట్టిన చోటే కూయాలని లేదు. దాని మూతిని కిందినుంచి పైకి జరుపుతూ, కూత మొదలయ్యే అత్యంత ఎత్తైన చోటు చూడండి. ఆవిరి దిగువకు జారుతుంది కనుక పుట్టుక ఆ ఎత్తు దగ్గరే ఉంటుంది.

కంటితో చూసేటప్పుడు తడి కోసమే వెతకకండి. చిన్న లీకులోని పెట్రోలు నేల చేరకముందే ఆవిరైపోతుంది. వెతకాల్సింది దాని గుర్తులు. దుమ్ము, జిడ్డు పట్టిన భాగం మీద ఒక్క గీత కడిగినట్టు శుభ్రంగా ఉండడం. జాయింటు చుట్టూ లేత గోధుమరంగు, జిగురులాంటి వలయం. పెట్రోలు ఎగిరిపోగా మిగిలిన మడ్డి అది. జాగా చిక్కక చూడలేని చోట సుద్దపొడి గానీ టాల్కం పౌడరు గానీ పలచగా చల్లండి. తడి తగిలిన చోట పొడి రంగు మారి ముద్దకడుతుంది.

రబ్బరు పైపులు

పాత కారులో వాసనకు అన్నిటికంటే ముందు చూడాల్సినవి ఇవే. చిత్రం ఏమిటంటే పగులు లేకపోయినా, చుక్క కారకపోయినా, రబ్బరు పైపు గోడలోంచే పెట్రోలు ఆవిరి మెల్లగా బయటికి వస్తుంది. పాతబడేకొద్దీ ఇది ఎక్కువవుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు పోస్తే మరీను, ఎందుకంటే దశాబ్దాల కిందటి రబ్బరు, కార్కు గాస్కెట్లు ఇథనాల్‌ను తట్టుకునేలా చేసినవి కావు. పరీక్ష తేలిక. పొడి గుడ్డతో పైపును గట్టిగా రెండుసార్లు తుడిచి ఆ గుడ్డ వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే పైపు పైకి ఎంత బాగున్నా దాని పని అయిపోయినట్టే.

పైపును రెండు వేళ్లతో వంచి చూడండి. మంచి రబ్బరు మెత్తగా వంగి వెనక్కి వస్తుంది. కర్రలా బిగుసుకున్నా, వంపు దగ్గర సన్నని పగుళ్లు తేలినా, నూనెలో నానినట్టు మెత్తబడి ఉబ్బినా మార్చాలి. చివరి అంగుళాన్ని ప్రత్యేకంగా చూడండి, క్లిప్పు కింద పగులు దాక్కుంటుంది. ఇంజిన్‌కు వచ్చే పైపును చూసి, ట్యాంకుకు తిరిగి వెళ్లే రిటర్న్ పైపును మరిచిపోవడం తరచు జరిగే పొరపాటు. దాంట్లో ఒత్తిడి తక్కువ కాబట్టి చిమ్మదు, నెమ్మదిగా ఓడుతూ వాసన మాత్రం ఇస్తుంది. ట్యాంకు పైన, ఇరుసు దాటే చోట, బయటికి కనిపించని చిన్న రబ్బరు ముక్కలు కూడా ఉంటాయి. ఇనప పైపులు ఎక్కడ తెగి ఎక్కడ మొదలవుతాయో చివరికంటా వేలుపెట్టి అనుసరించండి.

కొత్త పైపు కొనేటప్పుడు దాని మీద అచ్చు వేసిన ప్రమాణం గుర్తు (ఎస్‌ఏఈ అనేది ఆ ప్రమాణాలు పెట్టే ఇంజినీర్ల సంస్థ) చదవండి. ఎస్‌ఏఈ జె30ఆర్6, జె30ఆర్7 అని ఉన్నవి కార్బురేటర్ బండ్లలాంటి తక్కువ ఒత్తిడికి, ఆవిరి లైన్లకు. ఇంజెక్షన్ బండికి జె30ఆర్9 ఉండాలి. దాని లోపలి పొర ఫ్లోరో రబ్బరు, ఇథనాల్‌నూ తట్టుకుంటుంది, ఆవిరినీ తక్కువగా వదులుతుంది. కాబట్టి కార్బురేటర్ బండికి కూడా ఆర్9 వేయడమే మంచిదని మా గట్టి అభిప్రాయం, రేటులో తేడా ఉన్నా సరే. ట్యాంకు లోపల పెట్రోలులో మునిగి ఉండే ముక్కకు మాత్రం జె30ఆర్10 గుర్తుండాలి. మామూలు పైపు బయటి పొర పెట్రోలులో నానితే ఉబ్బి ఊడిపోతుంది. లోపలి వ్యాసం సరిగ్గా కొలవండి. 8 మిల్లీమీటర్ల మూతికి 9.5 మిల్లీమీటర్ల పైపు తొడిగి క్లిప్పు బిగిస్తే పైపు మడతపడి ఆ మడతలోంచే కారుతుంది.

క్లిప్పుల సంగతీ అంతే. పట్టీ పొడవునా గాట్లు ఉన్న మామూలు స్క్రూ క్లిప్పు గట్టిగా బిగిస్తే ఆ గాట్ల అంచులు రబ్బరును కోస్తాయి. పట్టీ అంచులు పైకి మడిచి, లోపలివైపు నునుపుగా ఉండే ఇంజెక్షన్ క్లిప్పులు వాడండి. పైపు మూతి మీద కనీసం 25 మిల్లీమీటర్లు ఎక్కాలి. క్లిప్పు ఇనప మూతి మీది ఉబ్బెత్తు గీతకు ఇవతల, పైపు చివరినుంచి రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి కూర్చోవాలి. రబ్బరు కొద్దిగా నొక్కుకుపోతే చాలు. రబ్బరు పట్టీ పక్కలనుంచి ఉబికి వస్తోందంటే అతిగా బిగించినట్టు.

ఇనప పైపుల్లో తుప్పు బయటికి కనిపించే చోట కాదు, బాడీకి బిగించే క్లిప్పుల కింద, బురద నిలిచే చోట పడుతుంది. క్లిప్పు తీసి చూడండి. గోటితో గీరితే పొర లేస్తోందంటే ఆ పైపు మార్చాలి. ఇంజెక్షన్ లైన్లో తుప్పుపట్టిన ముక్క కోసేసి రబ్బరుతో అతికించి క్లిప్పు వేయడం ప్రమాదం. కొత్త పైపుకు చివరలు ఫ్లేర్ చేసి (అంచు గరాటులా విప్పార్చి) నట్టుతో బిగించాలి.

ట్యాంకు, దాని మెడ

వెనక సీటు అడుగుభాగం ఎత్తితే చాలా కార్లలో గుండ్రటి మూత కనిపిస్తుంది, కొన్నిట్లో అది డిక్కీ కార్పెట్టు కింద ఉంటుంది. మూత తీస్తే గేజి యూనిట్, ఇంజెక్షన్ బండైతే పంపు కూడా, వాటి పైపులు ఉంటాయి. చుట్టూ పేరుకున్న దుమ్ము ఎక్కడైనా తడిసి నల్లబడి ఉందేమో చూడండి. ఇక్కడి గాస్కెట్ పాత బండ్లలో కార్కుతో ఉండి ఎండి కుంచించుకుపోతుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బ్రేకు వేస్తే పెట్రోలు ఎగసి ఇక్కడే బయటపడుతుంది. గాస్కెట్ మార్చేటప్పుడు ట్యాంకు సగానికి తక్కువ ఉండాలి. బిగించే రింగును ఇనప సుత్తితో, ఉలితో కొట్టకండి, రవ్వ లేస్తుంది. ఇత్తడి కడ్డీ గానీ గట్టి చెక్క ముక్క గానీ పెట్టి తట్టాలి. కొత్త గాస్కెట్ కూర్చునే అంచును శుభ్రంగా తుడిచి చూడండి, అంచే వంగి ఉంటే ఎన్ని గాస్కెట్లు మార్చినా లాభం లేదు. మామూలు సిలికాన్ పూయకండి, పెట్రోలు తగిలితే అది ఉబ్బి ఊడి పంపు జాలీలో ఇరుక్కుంటుంది.

నింపే గొట్టాన్ని చూడాలంటే వెనక చక్రం పైనున్న ప్లాస్టిక్ అడ్డు తీయాల్సి రావచ్చు. చక్రం విసిరిన బురద దానివెనక చేరి, తడి ఆరకుండా, గొట్టాన్ని మెల్లగా తింటుంది. గొట్టాన్ని ట్యాంకుతో కలిపే లావు రబ్బరు వంపు లోపలివైపు పగులుతుంది, పైనుంచి చూస్తే తెలియదు. చిన్న అద్దం పెట్టి చుట్టూ చూడండి. పెట్రోలు పోస్తున్నప్పుడే కింద చుక్కలు పడితే లోపం ఇక్కడే.

మూత విషయంలో ఒక ముఖ్యమైన తేడా ఉంది. కొన్ని పాత కార్ల ట్యాంకుకు గాలి మూతలోంచే రావాలి, మూతలో సన్నటి రంధ్రం ఉంటుంది. మరికొన్నిట్లో గాలికి వేరే పైపు ఉంటుంది, మూత పూర్తిగా మూసుకోవాలి. పోయిన మూతకు బదులు సైజు సరిపోయిందని వేరేది పెడితే తికమక అవుతుంది. మూసుకునే ట్యాంకుకు రంధ్రమున్న మూత పెడితే నిత్యం వాసన. రంధ్రం కావాల్సిన ట్యాంకుకు మూసుకునే మూత పెడితే లోపల గాలి తగ్గి, పెట్రోలు అందక ఇంజిన్ ఆగుతుంది, మూత తీయగానే బుస్సుమంటుంది. మూత అడుగు రబ్బరు రింగు మీద గొట్టం అంచు లోతుగా అచ్చు పడిపోయి ఉంటే మార్చండి.

ట్యాంకు అడుగుకంటే పైభాగమే ముందు తుప్పు పట్టవచ్చని చాలామందికి తెలియదు. ట్యాంకుకూ బాడీకీ మధ్య చప్పుడు రాకుండా పెట్టిన మెత్తలు తడిని పట్టి ఉంచుతాయి. సూదిమొన రంధ్రాలు అక్కడ పడతాయి. ట్యాంకు దించకుండా అవి కనిపించవు. గాలి కొట్టి పరీక్షించాలన్న ఆలోచన వస్తే టైర్లకు గాలికొట్టే కంప్రెసర్ జోలికి పోకండి, ట్యాంకు ఉబ్బి అతుకు చీలుతుంది. పొగ యంత్రం ఉన్న వర్క్‌షాపులో, నైట్రోజన్‌తో, సుమారు 0.5 పీఎస్ఐ మించకుండా చేయించుకోవడం ఒక్కటే సరైన దారి. ఇక వెల్డింగ్. ఖాళీ చేసి ఆరబెట్టిన ట్యాంకు నిండు ట్యాంకుకంటే ప్రమాదం, ఎందుకంటే లోపల మిగిలిన ఆవిరికి ఇప్పుడు గాలి కూడా తోడైంది. ఆ పని ట్యాంకులు బాగుచేసేవాళ్లకే వదిలేయండి.

కార్బురేటర్ బండి

ముందు ఒక మాట. ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా లేని పాత కార్లలో వేడి ఇంజిన్ ఆపాక ఫ్లోట్ గిన్నెలోంచి కాస్త ఆవిరి బయటికి రావడం సహజం. బానెట్ ఎత్తితే వాసన తెలుస్తుంది, పది పదిహేను నిమిషాల్లో పోతుంది. అంతకుమించి ఉన్నా, కారు లోపలికి వచ్చినా లోపమే.

వేడి ఇంజిన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, టార్చితో కార్బురేటర్ గొంతులోకి చూడండి. మూతి మీదికి ముఖం వంచకుండా పక్కనుంచి చూడాలి. పెట్రోలు బొట్లుబొట్లుగా లోపలికి పడుతుంటే రెండు కారణాలు. ఒకటి వేడికి ఉడికి పొంగడం. రెండోది, గిన్నె నిండగానే పెట్రోలును ఆపాల్సిన నీడిల్ వాల్వ్ మూసుకోక గిన్నె నిండి పొర్లడం. తేడా తెలియాలంటే ఇదే పరీక్ష చల్లని ఇంజిన్ మీద చేయండి. టకటకమనే రకం ఎలక్ట్రిక్ పంపు ఉన్న బండిలో స్టార్టు చేయకుండా తాళం ఆన్‌లో పెడితే పంపు గిన్నె నింపి ఆగిపోవాలి. టకటక ఆగకుండా కొడుతూ గొంతులో పెట్రోలు దిగితే నీడిల్ వాల్వ్ గానీ, గిన్నెలో తేలుతూ దాన్ని మూసే ఫ్లోట్ గానీ చెడింది.

నీడిల్ మొనను భూతద్దంతో చూడండి. చుట్టూ వలయంలా గాడి పడి ఉంటే మూసుకోదు. నీడిల్ ఒక్కటే మార్చకుండా అది కూర్చునే సీటుతో జతగా మార్చండి. మొన, సీటు మధ్య చిన్న ఇసుక రేణువు చాలు పొర్లడానికి, కాబట్టి ఫిల్టర్ కూడా కొత్తది వేయండి. ఇత్తడి ఫ్లోట్‌ను చెవిదగ్గర ఊపితే లోపల గలగలమంటే దాంట్లో పెట్రోలు చేరింది. అనుమానం తీరకపోతే వేరేచోట బాగా కాచి తెచ్చిన నీళ్లలో ముంచండి, చిల్లు దగ్గర బుడగలు లేస్తాయి. ప్లాస్టిక్ నురగతో చేసిన ఫ్లోట్ ఊపితే తెలియదు, అది పెట్రోలు పీల్చి బరువెక్కుతుంది. తూకం వేసి మాన్యువల్‌తో పోల్చాలి. ఫ్లోట్ ఎత్తును మాన్యువల్ చెప్పిన కొలతకే పెట్టండి, ఒక్క మిల్లీమీటరు తేడాకే పొర్లుతుంది.

ఇవన్నీ బాగుండీ పొర్లుతుంటే పంపు ఒత్తిడి కొలవండి. చాలా కార్బురేటర్లకు 2.5 నుంచి 5 పీఎస్ఐ చాలు. పాత మెకానికల్ పంపు బదులు ఎవరో ఎలక్ట్రిక్ పంపు బిగించిన బండ్లలో ఒత్తిడి ఎక్కువై నీడిల్‌ను నెట్టేస్తుంటుంది. అసలు మెకానికల్ పంపే ఉంటే దాని అడుగున చిన్న రంధ్రం కోసం చూడండి. ఆ రంధ్రంలోంచి పెట్రోలు వస్తే డయాఫ్రం (పంపు లోపల కదిలే పలచటి పొర) చిరిగింది. పెడల్ తొక్కగానే అదనంగా పెట్రోలు చిమ్మే యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం కూడా అలాగే పక్కనుంచి చెమరుస్తుంది, పెడల్ నాలుగైదుసార్లు తొక్కి చూస్తే తడి బయటపడుతుంది.

ఉడకడమే సమస్య అయితే కార్బురేటర్‌కూ మానిఫోల్డ్‌కూ (ఇంజిన్‌కు గాలి పంచే గొట్టాలకూ) మధ్య వేడి ఆపే మందపాటి ముక్క ఉందో లేదో చూడండి. ఎప్పుడో విప్పినప్పుడు దాన్ని తీసేసి పలచటి గాస్కెట్ పెట్టి ఉంటారు. పెట్రోలు పైపు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు (వేడి పొగ బయటికి పోయే గొట్టానికి) దగ్గరగా పోతుంటే దూరం జరిపి కట్టండి.

ఇంజెక్షన్ బండి

ఇక్కడ ఒత్తిడి వేరు. చాలా బండ్లలో 2.5 నుంచి 4 బార్ వరకు, పాత బాష్ కంపెనీ ఇంజెక్షన్ వ్యవస్థ కె-జెట్రానిక్‌లో సుమారు 5 బార్ (ఒక బార్ అంటే దాదాపు 14.5 పీఎస్ఐ). ఇంజిన్ ఆపాక కూడా ఒత్తిడి నిలిచి ఉంటుంది, కాబట్టి జాయింటు వదులు చేస్తే ముఖాన చిమ్ముతుంది. ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి, మరో రెండుమూడు సెకన్లు స్టార్టర్ తిప్పి, తర్వాత బ్యాటరీ వైరు తీసి, జాయింటు చుట్టూ గుడ్డ చుట్టి మెల్లగా విప్పాలి. లీకు ఇప్పటికే చుక్కలుగా కనిపిస్తుంటే ఇంజిన్ నడపకుండా, చల్లారాక గుడ్డ చుట్టి నెమ్మదిగా ఒత్తిడి వదలాలి.

వెతకడానికి మాత్రం ఒత్తిడి కావాలి. చల్లని ఇంజిన్‌తో, ఒకరు తాళం ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి ఆఫ్ చేస్తూ మూడు నాలుగుసార్లు చేస్తే, చాలా బండ్లలో పంపు తిరిగి లైను నిండుతుంది. రెండోవారు ఫ్యూయల్ రైలు (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం), ఇంజెక్టర్ల మెడలు, పైపు జాయింట్లు, ఫిల్టర్ రెండు చివరలు చూడాలి. తడి కనబడగానే ఆపేయాలి. ఓ-రింగులు ఒకటి పాడైతే మిగతావీ అదే వయసువి, అన్నీ మార్చండి. ఎక్కించేముందు శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ రాయండి, పొడిగా తోస్తే అంచు తెగి మొదటిరోజే కారుతుంది.

లైన్లో ఒత్తిడిని అదుపులో పెట్టే ప్రెషర్ రెగ్యులేటర్‌కు వచ్చే సన్నని వాక్యూమ్ పైపు పీకి చూడడం నిమిషం పని, మరిచిపోయేదీ అదే. దాంట్లో పెట్రోలు తడి గానీ ఘాటైన వాసన గానీ ఉంటే లోపలి డయాఫ్రం చిరిగి పెట్రోలు నేరుగా ఇంజిన్లోకి పోతోంది. నల్లపొగ, ఎక్కువ పెట్రోలు ఖర్చు, వేడిమీద స్టార్టు కాకపోవడం దీని తోడు లక్షణాలు.

బొగ్గు డబ్బా ఉన్న బండిలో దాన్ని విప్పి చేత్తో పట్టుకోండి. బరువుగా ఉండి, తలకిందులు చేస్తే పెట్రోలు కారితే దాని పని అయిపోయింది. బంకులో గన్ను టక్‌మని ఆగిన తర్వాత కూడా ఇంకొంచెం ఇంకొంచెం అని పోయించడం దీనికి ముఖ్యకారణం. ఆవిరి కోసం వదిలిన జాగాలోకి పెట్రోలు ఎక్కి డబ్బాలోకి దిగుతుంది. డబ్బాలోని ఆవిరిని ఇంజిన్‌కు వదిలే పర్జ్ వాల్వ్‌కు కరెంటు లేనప్పుడు చేతి పంపుతో గాలి కొడితే సాధారణంగా పోకూడదు. పోతుంటే అది తెరుచుకునే ఉండిపోయింది, ట్యాంకు నింపిన వెంటనే స్టార్టింగు ఇబ్బంది పెట్టేదీ అదే.

ఇంజిన్ ఆయిల్లో పెట్రోలు

ఆయిల్ మట్టం చూసే గేజి కడ్డీ తీసి వాసన చూడండి. ఘాటుగా పెట్రోలు వాసన వస్తూ, ఆయిల్ మట్టం పైగీతను దాటి ఉంటే ఇక ఆ ఇంజిన్ తిప్పకండి. మెకానికల్ పంపు డయాఫ్రం, పొర్లే కార్బురేటర్, మూసుకోని ఇంజెక్టర్, చిరిగిన రెగ్యులేటర్ - వీటిలో ఏదో ఒకటి పెట్రోలును సంపులోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి) దించుతోంది. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు, సంపులో నిండిన ఆవిరికి నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. కారణం సరిచేశాకే ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ముందే మార్చితే కొత్త ఆయిలూ పాడవుతుంది.

పచ్చి పెట్రోలు కాకపోతే

పెట్రోలు వాసన అనుకున్నది సగం కాలిన పొగ కావచ్చు. కళ్లు మండుతాయి, సైలెన్సర్ చివర మసి నల్లగా, పొడిగా పేరుకుంటుంది. చోక్ పూర్తిగా వెనక్కి రాకపోవడం, ఇంజెక్షన్ బండిలో కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ చెడి ఇంజిన్ చల్లగానే ఉందని చెబుతుండడం దీనికి తరచు కనిపించే కారణాలు. నడిచే కారు వెనక గాలి ఒత్తిడి తక్కువగా ఉంటుంది, పొగ అక్కడే సుడి తిరిగి డిక్కీ సందుల్లోంచి లోపలికి వస్తుంది. డిక్కీ అంచున కాగితం పట్టీ పెట్టి మూత వేసి లాగండి. గట్టిగా పట్టుకోవాలి. సులువుగా జారివచ్చిన చోట రబ్బరు పనిచేయడం లేదు. వెనక లైట్ల గాస్కెట్లు, డిక్కీ అడుగున ఊడిన రబ్బరు బిరడాలు కూడా చూడండి. ఈ పొగలో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది కనుక దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

డీజిల్ బండిలో

డీజిల్ పెట్రోలులా త్వరగా ఆవిరైపోదు, జిడ్డుగా నిలిచి దుమ్ము పట్టుకుంటుంది, కాబట్టి వెతకడం సులువు. ఇంజెక్టర్ల మధ్య ఉండే సన్నని రిటర్న్ పైపులు మొదట చూడండి. బట్టపొర చుట్టిన ఆ పైపులు పెళుసై పగులుతాయి. తర్వాత పంపు సీళ్లు. నడుస్తున్న ఇంజిన్ మీద హైప్రెషర్ పైపులను చేత్తో తడిమి లీకు వెతకకూడదు. కంటికి కనిపించని సన్నని ధార చర్మంలోకి దూసుకుపోతుంది, అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అట్టముక్కను దూరంగా పట్టుకుని ఆడించండి, దానిమీద తడి గీత పడుతుంది.

బాగుచేశాక

బ్యాటరీ వైరు కలిపి, స్టార్టు చేయకుండా లైను నింపి, విప్పిన ప్రతి జాయింటునూ పొడి గుడ్డతో తుడిచి చూడండి. తర్వాత ఆరుబయటే పది నిమిషాలు నడిపి, ఆపి, మళ్లీ తుడవండి. మొదట్లో రాసుకున్న కాగితం తీసి, ఏ పరిస్థితిలో వాసన వచ్చేదో సరిగ్గా అదే పరిస్థితి కల్పించి చూడాలి. నింపినప్పుడు వచ్చేదైతే ట్యాంకు నింపి, చలి పొద్దున వచ్చేదైతే చలి పొద్దున. కొత్త రబ్బరు వేడికి కాస్త సర్దుకుంటుంది, అందుకే వారం తర్వాత, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, క్లిప్పులను ఒకసారి సరిచూడండి.

లీకు ఆగినా వాసన పోకపోతే కార్పెట్టు కింది నురగ మెత్త ఎత్తి చూడండి. ఒలికిన పెట్రోలును అది వారాల తరబడి దాచుకుని, ఎండ తగిలినప్పుడల్లా వదులుతుంది. మెత్తను బయటికి తీసి నీడలో, గాలి తగిలేలా రెండు మూడు రోజులు ఆరబెట్టండి. అయినా వాసన వదలకపోతే ఆ ముక్క కోసి కొత్తది వేయండి. పాత వాసన ఉండగా కొత్త లీకు మొదలైనా మీకు తెలియదు.